ఉప్పెనని ఎంతసేపు ఆపాలి

మీరేం ఉద్యోగం చేసి రిటైరయ్యారండీ అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. సూపర్‌హీరో కామిక్స్ చదివి రిటైరయ్యాను. అడిగినవాళ్లు నవ్వుతారు. మా చర్చిలో స్త్రీల సమాజం చూసే ఆవిడైతే, "చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యండి వదినా, అబద్ధం ఎందుకు" అంది. అబద్ధం కాదు. కొత్త కామిక్ పుస్తకం అచ్చుకి వెళ్లేముందు చదివి, దీని బలం ఇది, దీని లోటు ఇది అని తేల్చి చెప్పడం నా పని. ఆ పని నేను బాగా చేశాను. ఈ వయసులో వినయం నటించే ఓపిక లేదు కాబట్టి ఉన్నమాట ఉన్నట్టే చెబుతున్నాను.

బొమ్మల కథలు రాయాలని, గీయాలని, వాటి మీద నాలుగు మాటలు చెప్పాలని ఇప్పుడు చాలామంది పిల్లలు ఉబలాటపడుతున్నారు. మీకోసం ఒక్క పుస్తకం సంగతి చెబుతాను.

మాది బందరు పక్క గూడూరు దగ్గర పల్లె. చదువు అవ్వగానే బందరులో ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడరుగా చేరాను. శుభలేఖలు, కీర్తనల పుస్తకాలు, స్కూలు గైడ్లు, ఏది వస్తే అది దిద్దేదాన్ని. చాలా ఏళ్లు అలాగే గడిచాయి. ఇంతలో ఓనరుగారి అమ్మాయి హైదరాబాదులో డిజైన్ చదువుకుని తిరిగొచ్చి, ప్రెస్సు మేడమీద రెండు గదుల్లో కామిక్స్ కంపెనీ పెట్టింది. అందరూ ఆ అమ్మాయిని మేడమ్ అనేవాళ్లు. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల కాబట్టి నన్ను మాత్రం ఆంటీ అనేది.

మొదటి పుస్తకం తయారవగానే అక్షరదోషాలు చూడమని నాకు ఇచ్చింది. దిద్దాను. దిద్ది, "అమ్మా, ఈ పేజీలో ఎవరి మాట ముందు చదవాలి?" అని అడిగాను. ఆ బొమ్మలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. జవాబు చెప్పేవాడి మాటల బుడగ పైన ఉంది, ప్రశ్న అడిగేవాడి బుడగ కింద ఉంది. ఆ అమ్మాయి పేజీ వంక చూసింది, నా వంక చూసింది.

"ఆంటీ, రేపట్నించి మీరు మేడమీద కూర్చోండి" అంది.

అలా మొదలైంది. ఎవరూ నేర్పలేదు కాబట్టి పద్ధతి నేనే పెట్టుకున్నాను. ముందు మాటల మీద కాగితం ముక్కలు కప్పి బొమ్మలు మాత్రం చూసేదాన్ని. కథ అర్థమైతే బొమ్మలు గీసినవాడు పనిచేశాడన్నమాట. తర్వాత బొమ్మలు చూడకుండా మాటలు మాత్రం చదివేదాన్ని. ఎవరు మాట్లాడుతున్నారో మాట తీరుని బట్టి తెలిస్తే రాసినవాడు పనిచేశాడన్నమాట. చివరికి రెండూ కలిపి చదివేదాన్ని. బొమ్మ చెప్పిందే మాట మళ్లీ చెబుతుంటే ఆ మాట కొట్టేయమనేదాన్ని. ఒక నియమం కూడా ఉండేది. లోటు అన్నది పేజీ మీద వేలు పెట్టి చూపించగలగాలి. ఎందుకో నచ్చలేదు అంటే ఒప్పుకోను, ఎవరన్నా సరే, నేనన్నా సరే.

మా హీరోల్లో మొదటివాడు గుడివాడ కుర్రాడు, కరెంటు తీగ పట్టుకుంటే శక్తి వస్తుంది. బస్టాండు సందుల్లో వాడి పరుగు చూస్తే మనకి ఆయాసం వచ్చేది. అది బలం. విలన్ మాత్రం దెబ్బలకన్నా ఉపన్యాసాలు ఎక్కువ ఇచ్చేవాడు. అది లోటు. రెండోవాడు ఇనుప మనిషి. రంగులు కళ్లు చెదిరేలా ఉండేవి కానీ, కొట్లాట మొదలైతే చెయ్యెవరిదో కాలెవరిదో తెలిసేది కాదు. ఈ సంగతులన్నీ చెప్పినప్పుడు రాసేవాళ్లూ గీసేవాళ్లూ నన్ను చూసి సంబరపడిపోయారని చెప్పను. టీకి పిలవడం మానేసిన రోజులున్నాయి.

మా రచయితది నందివాడ పక్క. అంతకుముందు మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగిన మనిషి. కోపం ముక్కుమీదే ఉండేది, తెలివి కూడా అంతే దగ్గరలో ఉండేది. బొమ్మలు గీసేది మంగినపూడి అబ్బాయి. వాళ్ల నాన్న సముద్రం మీదకి వెళ్లేవాడు, అమ్మ బందరులో చేపలు అమ్మేది. పడవల మీద పేర్లు రాస్తూ చెయ్యి తిరిగి, తర్వాత కంప్యూటరు పలక మీద గీయడం నేర్చుకున్నాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. నన్ను అక్కా అనేవాడు.

వీళ్లిద్దరూ కలిసి మూడో పుస్తకం తీసుకొచ్చారు. ఈసారి హీరో కాదు, హీరోయిన్. పగలు తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. సముద్రానికి కోపం వచ్చినప్పుడు దాని బలమంతా ఆమె చేతుల్లోకి వస్తుంది. పుస్తకంలో ఆమెకి పెద్ద పేరే ఉంది కానీ, ఆఫీసులో అందరం సముద్రం పిల్ల అనేవాళ్లం. కథ చివర దివిసీమ మీదకి ఉప్పెన వస్తుంది. సముద్రం పిల్ల ఒడ్డున నిలబడి రెండు చేతులూ ఎత్తి కెరటాన్ని ఆపేస్తుంది. రెండు పేజీలు కలిపి ఒకటే బొమ్మ. తాటిచెట్లకన్నా ఎత్తున నీటిగోడ, దానికి ఎదురుగా బిగించి కట్టిన చీరలో ఒక పిల్ల, వెనకాల చేతులు జోడించిన జనం.

ఆ బొమ్మ చూసి ఆఫీసంతా నిలబడిపోయింది. కింద మిషను తిప్పేవాళ్లు కూడా పైకొచ్చి చూశారు. మేడమ్ అప్పటికే అట్టలు అచ్చువేయించేసింది. విడుదల సభకి తేదీ పెట్టి, ముఖ్య అతిథిని పిలిచి, ఫ్లెక్సీలు కూడా కట్టించేసింది. ఇక నా మాట ఒక్కటే మిగిలింది.

నేను నా పద్ధతిలో చదివాను. బలాలు చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. చేపల బేరం దగ్గర ఆ పిల్ల మాటలు ముత్యాల్లా ఉన్నాయి. నీటి బొమ్మల్లో ఎక్కడా ఒకే అల మళ్లీ కనిపించదు. కానీ ఉప్పెన పేజీ దగ్గరికి వచ్చేసరికి మనసులో ఏదో అడ్డం పడుతోంది. ఏమిటో తెలియడం లేదు. వేలు పెట్టలేకపోతున్నాను.

దివిసీమలో ఉప్పెన వచ్చిన ఏడు నేను స్కూల్లో ఉన్నాను. మా పిన్నిని అవనిగడ్డ అవతల పల్లెకి ఇచ్చారు. ఆవిడ బతికింది. ఆ ఇంట్లో అందరూ బతకలేదు. నాకు అడ్డం పడుతున్నది ఆ దుఃఖమా, పుస్తకంలో లోటా? దుఃఖమైతే దాన్ని తెచ్చి పుస్తకం మీద రుద్దకూడదు. అది తేల్చుకోవాలనిపించింది.

"నాకు కొన్నాళ్లు టైమివ్వమ్మా" అన్నాను మేడమ్‌తో.

"ఆంటీ, సభ దగ్గరపడింది. నాన్నగారు ఇప్పటికే చిరాకుగా ఉన్నారు."

"చదవకుండా బాగుందని చెప్పమంటావా?"

"చదివారుగా?"

"చదివాను. ఇంకా అవ్వలేదు."

ఆ అమ్మాయికి నా సంగతి తెలుసు. ఆదివారం దాకా ఆగుతానంది.

ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను. మంగినపూడి అబ్బాయిని కూడా రమ్మన్నాను. ఎందుకక్కా అని అడగలేదు. బొమ్మల ప్రూఫులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మేం వెళ్లేసరికి చర్చిలో ఆరాధన అయిపోయింది. పిన్ని వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. పక్కింటి మావయ్య కూడా అక్కడే ఉన్నాడు. చుట్టం కాదు, ఊళ్లో అందరికీ మావయ్యే. ఉప్పెనలో ఆయన ఇల్లంతా పోయింది. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

"పిన్నీ, ఇది పిల్లల పుస్తకం. ఇంకా అచ్చవలేదు. నువ్వొకసారి చూస్తావా?" అన్నాను.

కళ్లజోడు చీరచెంగుతో తుడుచుకుని పేజీలు తిప్పింది. సముద్రం పిల్లని చూసి, "పిల్ల గట్టిదే. తట్ట ఎత్తుకోవడం చూడు, మెడ ఎలా నిలబెట్టిందో" అంది. బొమ్మలు గీసిన అబ్బాయి తలవంచుకున్నాడు కానీ, మొహం వెలిగింది.

తర్వాత ఆ పెద్ద బొమ్మ వచ్చింది. పిన్ని చేతులు ఆగిపోయాయి. నాకు భయం వేసింది, అనవసరంగా తెచ్చానేమో అని. మావయ్య మంచం పక్కకి వంగి చూశాడు.

"ఆపేసిందా?" అన్నాడు.

"ఆపేసింది మావయ్యా. కథలో."

ఆయన చాలాసేపు చూసి, "పోనీలే అమ్మా. బొమ్మల్లోనన్నా ఆగింది" అని లేచి లోపలికి మంచినీళ్లు తాగడానికి వెళ్లాడు. తిరిగి రావడానికి కాస్త టైము పట్టింది.

నా అనుమానం తీరిపోయిందనుకున్నాను. అంత పోగొట్టుకున్న మనిషే ఆగనీ అన్నాక నేనెవరిని? ప్రూఫులు కవర్లో పెట్టబోతుంటే పిన్ని పట్టుకుంది. ఆవిడ చూస్తున్నది సముద్రం పిల్లని కాదు, వెనకాల జనాన్ని.

"వీళ్లెవరే?"

"ఊరివాళ్లు."

"అందరూ ఇలా చేతులు జోడించి నిలబడ్డారేంటి?"

"ఆ అమ్మాయి కాపాడుతోందిగా, అందుకని."

"మేమెవరం ఇలా నిలబడలేదే" అంది పిన్ని. గొంతులో కోపం లేదు, ఒట్టి ఆశ్చర్యమే. "మీ బాబాయి పశువుల తాళ్లు కోసేశాడు. నేను పక్కింటి చంటిదాన్ని నడుముకి కట్టుకుని చెట్టెక్కాను. నా బిడ్డ మీ బాబాయి దగ్గర ఉంది. పై కొమ్మ మీద ఒకావిడ నీళ్లల్లో ఎవరు కొట్టుకొస్తే వాళ్లకి చీర కొంగు వేసేది. అందిన వాళ్లు అందారు. ఒకాయన తెల్లారేదాకా అందరి పేర్లూ పిలుస్తూనే ఉన్నాడు, ఎవరూ నిద్రలో జారిపోకుండా. ఎవరికీ దణ్ణం పెట్టే తీరిక లేదే అమ్మా."

బిడ్డ బాబాయి దగ్గర ఉంది అన్న మాట తర్వాత ఏం జరిగిందో నాకు తెలుసు. మంగినపూడి అబ్బాయికి తెలియదు. పిన్ని ఆ బొమ్మని ఇంకోసారి చూసి, మాకు అన్నం పెట్టడానికి లేచింది.

తిరుగు బస్సులో ఆ అబ్బాయి ఆ ఏడాది మొత్తంలో మాట్లాడినంత ఒక్కసారే మాట్లాడాడు.

"అక్కా, కెరటానికి నాకు ఇరవై రోజులు పట్టింది. ఆ జనాన్ని ఒక్క పూటలో గీసేశాను. ఒక మగమొహం, ఒక ఆడమొహం గీసి, వాటినే కాపీ చేసి పెట్టాను. కొంచెం అటూ ఇటూ తిప్పాను. మీరు కూడా పట్టుకోలేదు."

ప్రూఫు తీసి ఒళ్లో పెట్టుకుని చూశాను. నిజమే. ఊరంతా రెండే మొహాలు. అన్నిసార్లు చదివిన నాకు కనబడలేదు, ఎందుకంటే కెరటం నన్ను అటు చూడనివ్వలేదు. ఇప్పుడు వేలు పెట్టడానికి చోటు దొరికింది.

మర్నాడు మేడమీద నలుగురం కూర్చున్నాం. నేను బలాలన్నీ ముందు చెప్పాను. అది మర్యాద కోసం కాదు, అవి నిజంగా ఉన్నాయి కాబట్టి. తర్వాత దివిసీమలో జరిగింది దాచకుండా చెప్పాను, మావయ్య మాటా పిన్ని మాటా కూడా.

మావయ్య మాటని రచయిత పట్టుకున్నాడు. "విన్నారా? అంత నష్టపోయిన ఆయనే ఆగాలన్నాడు. ఇంక మీ అభ్యంతరం ఏంటండీ? సూపర్‌హీరో అన్నాక కాపాడాలి. కాపాడకపోతే పిల్లలు ఎందుకు చదువుతారు?"

"కాపాడొద్దని నేనన్నానా?"

"మరి?"

"ఆ పిల్ల కాపాడుతుంటే మిగతావాళ్లు ఏం చేస్తున్నారు?"

"చూస్తున్నారు. అది హీరో కథండీ, ఊరి కథ కాదు."

మేడమ్ నా వైపు తిరిగి, "ఆంటీ, ఆయన ఇలా అన్నారు, ఆవిడ అలా అన్నారు అని విన్నాను. ఎవరి మాట వాళ్లది. మీ మాట ఏంటి? పుస్తకం ఆపాలంటే నేను నాన్నగారికి మీ మాటే చెప్పాలి" అంది.

న్యాయమైన ప్రశ్న. ఎవరి కష్టం వెనకాలో దాక్కుని తీర్పు చెప్పడం తేలిక. నా ఉద్యోగం అది కాదు.

"ఈ పుస్తకం బలం ఆ పిల్ల. లోటు కూడా ఆ పిల్ల దగ్గరే ఉంది. ఆమెకి తప్ప పుస్తకంలో ఎవరికీ పని లేదు. పని లేనివాళ్లకి మొహాలు కూడా లేవు, చూడండి" అని జనం మీద వేలు పెట్టాను. "మొహం లేనివాళ్లని కాపాడితే చదివే పిల్లకి ఏం అనిపిస్తుంది? ఆమె సముద్రాన్ని ఆపనివ్వండి. మావయ్య మాట కాదనను. కానీ పూర్తిగా ఆపొద్దు, కాసేపు ఆపనివ్వండి. ఆమె చేతులు కూడా నొప్పి పుట్టాలి. ఆ కాసేపట్లో ఊరు ఏం చేస్తుందో గీయండి. అలా చేస్తే ఇది మన దగ్గర వచ్చిన పుస్తకాలన్నిట్లోకీ మంచి పుస్తకం అవుతుంది. ఇలాగే వేస్తే అందమైన పుస్తకం అవుతుంది, అంతే."

రచయిత కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. రాజీనామా చేస్తాడనే అనుకున్నాం. మేడమ్ కిటికీలోంచి చూసి, "టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. టీ తాగట్లేదు" అంది. మంగినపూడి అబ్బాయి అప్పుడు నోరు విప్పాడు. "ఆయన వద్దన్నా జనాన్ని మాత్రం నేను మళ్లీ గీస్తాను మేడమ్. ఆ మొహాలు అలా వదిలేస్తే నాకు బాగోదు."

కాసేపటికి రచయిత పైకొచ్చాడు. కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి నన్ను అడిగాడు.

"ఎంతసేపు ఆపుతుంది?"

ఆ ఒక్క ప్రశ్నతో పని అయిపోయిందని నాకు తెలిసింది. నచ్చని సలహాకి మనిషి వాదన వెతుకుతాడు. నచ్చిన సలహాకి లెక్క అడుగుతాడు.

"అది మీరే చెప్పాలి. రాసేది మీరు" అన్నాను.

సభ కొన్ని నెలలు వాయిదా పడింది. ఓనరుగారు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ముఖ్య అతిథి నొచ్చుకున్నారు, మళ్లీ పిలిస్తే రాలేదు. ఫ్లెక్సీలు ప్రెస్సులో కాగితం కట్టల మీద కప్పడానికి పనికొచ్చాయి. ఆ నెలల్లో మేడమీద జరిగిన పని మాత్రం నేను నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ చూడలేదు. మంగినపూడి అబ్బాయి వాళ్ల ఊరెళ్లి ఒక్కొక్క మనిషి మొహం గీసుకొచ్చాడు. వాళ్లమ్మ ఉంది, వల అల్లే ముసలాయన ఉన్నాడు, ఐస్‌ ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ ఉంది. కెరటం బొమ్మ అలాగే ఉంచాడు. దాని తర్వాత కొత్త పేజీలు వచ్చాయి. ప్రతి పేజీలోనూ పైన సముద్రం పిల్ల చేతులు కొంచెం కొంచెం కిందకి దిగుతుంటాయి. కింద ఊరు పరిగెడుతుంటుంది. తాళ్లు కోసేవాళ్లు, పిల్లల్ని ఎత్తేవాళ్లు, కొంగులు విసిరేవాళ్లు, పేర్లు పిలిచే ఒకాయన. ఆ పేజీల్లో రచయిత మాటలు దాదాపు పెట్టలేదు, పిలిచే పేర్లు తప్ప. మాటలంటే ప్రాణం పెట్టే మనిషి, తనంతట తనే వదిలేశాడు.

నా మాట నెగ్గని చోటు కూడా ఒకటుంది, అదీ చెప్పాలి. ఆఖరి పేజీలో ఊరంతా సముద్రం పిల్లని భుజాల మీద ఎత్తుకుని ఊరేగిస్తుంది. అది తీసేయమన్నాను, పాతచింతకాయ పచ్చడిలా ఉందన్నాను. రచయిత ఒప్పుకోలేదు, మేడమ్ కూడా అతని వైపే మొగ్గింది. పుస్తకం వచ్చాక చూస్తే పిల్లలు ఎక్కువగా విప్పి చూసే పేజీ అదే. కాగితం అక్కడే నలిగిపోయేది. రచయిత ఆ సంగతి నాకు గుర్తుచేయని వారం లేదు.

పుస్తకం బాగా నడిచింది. మూడోసారి కూడా అచ్చువేశాం. కొన్నాళ్లకి గుడివాడలో ఒక స్కూలువాళ్లు పిలిస్తే రచయితా నేనూ వెళ్లాం. పిల్లల చేత ఈ పుస్తకం బలాలూ లోట్లూ చెప్పించాలని నేనే కోరాను. మొదట మొహమాటపడ్డారు. తర్వాత ఆపడం కష్టమైంది. ఒకడు విలన్ లేడన్నాడు, సముద్రాన్ని విలన్ అనకూడదని పక్కవాడు దెబ్బలాడాడు. ఒక పేజీలో నీడ తప్పు వైపు పడిందని ఒక పిల్ల చూపించింది. నిజంగానే తప్పు. నాకూ దొరకలేదు. నా కుర్చీకి మనుషులు తయారవుతున్నారని లోలోపల పొంగిపోయాను.

అందరూ అయ్యాక వెనక బెంచీలోంచి ఒక చిన్నపిల్ల లేచింది.

"సార్, ఆమె చేతుల నొప్పి తగ్గిందా అండీ?"

క్లాసులో కొందరు నవ్వారు. రచయిత నవ్వలేదు.

"ఇంకా తగ్గలేదమ్మా" అన్నాడు.

బందరు వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. గుడివాడ దాటి చేలు మొదలయ్యాక నా వైపు తిరిగి, "రెండో భాగం మొదటి పేజీ చెప్పనా అండీ?" అన్నాడు. చెప్పమన్నాను. మాటలు లేవట. వంటింట్లో పీట మీద సముద్రం పిల్ల కూర్చుని ఉంటుందట. వాళ్లమ్మ వేడినీళ్లలో గుడ్డ ముంచి, పిండి, కూతురి చేతులకి కాపడం పెడుతూ ఉంటుందట. ఆ చేతులు పేజీ అంతా ఉంటాయట.

చెప్పి, అలవాటు ప్రకారం లోటు కోసం నా మొహం చూశాడు.

"బాగుంది" అన్నాను. వేలు పెట్టడానికి చోటు దొరకలేదు.